పరిగె ఎవరిది?

డబ్బాలోంచి జారిన క్రాన్‌బెర్రీ జెల్లీ పళ్లెంలో డబ్బా ఆకారంలోనే నిలబడి ఉంది, రేకు గీతలు ఒంటి మీద అలాగే కనబడుతున్నాయి. ఆ గీతల వెంబడే చాకుతో కొయ్యాలి, అడ్డదిడ్డంగా కోస్తే ఊరుకోనంటుంది ఆ ఇంటి పెద్దావిడ. అమెరికా వచ్చిన కొత్తల్లో నేను మొదటిసారి థ్యాంక్స్‌గివింగ్ భోజనానికి వెళ్లిన ఇల్లది. ఆఫీసులో నా పక్క సీటాయన, పండగపూట ఒక్కడివే గదిలో కూర్చుని ఏం చేస్తావు, వచ్చెయ్ అని పిలిచాడు. ముద్ద నోట్లో పెట్టే ముందు బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఈ ఏడాది దేనికి థ్యాంక్స్ చెప్పుకుంటారో చెప్పాలట, వాళ్లింటి ఆనవాయితీ. ఆరోగ్యం అన్నారొకరు. కొత్త ఇల్లు అన్నారింకొకరు. కుక్కకి ఆపరేషన్ బాగా జరిగినందుకు అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నా వంతు వచ్చేసరికి టెన్షన్‌లో ఏమీ తట్టక "వీసా రెన్యూ అయినందుకు" అనేశాను, అందరూ గట్టిగా నవ్వారు.

రాత్రి గదికొచ్చి పడుకున్నాక తట్టింది. పదకొండు మందిమి చెప్పాం. ఒక్కరం కూడా తిండి ఊసెత్తలేదు. పండించినవాళ్ల ఊసు సరేసరి. పంట పండగ పేరుతో అంత భోజనం ముందు పెట్టుకుని!

ఆ రోజు నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఏ దేశపు పంట పండగ గురించి కనబడినా చదవడం, తెలిసినవాళ్లు దొరికితే బుర్ర తినెయ్యడం. చదివే కొద్దీ నాకు కుదిరిన అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోకపోయినా సరే: పంట పండగలు కృతజ్ఞతలోంచి పుట్టలేదు. ఆకలి భయంలోంచి పుట్టాయి, పండిన గింజలో ఎవరి వాటా ఎంత అన్న తగువులోంచి పుట్టాయి. థ్యాంక్స్ అనే మాట తర్వాత వచ్చి చేరింది, అదీ ఎక్కువగా గాదె నిండినవాళ్ల నోటి నుంచే. అందుకే ఏ పంట పండగ గురించి విన్నా దేవుడికి ఏం చెప్పారు అని కాదు, పేదవాడికి ఏం మిగిల్చారు అని చూడాలంటాను. (మన పండగల జోలికి ఇక్కడ పోవడం లేదు. అది వేరే వ్యాసం, వేరే గొడవ.)

ఆకలి సంగతి దాచుకోకుండా పేరులోనే పెట్టుకున్న పండగ ఒకటుంది, ఘనాలో. అక్రా, ఆ చుట్టుపక్కల ఉండే గా జాతివాళ్లు చేసుకునే హోమోవో. ఆ మాటకి అర్థం ఆకలిని చూసి ఎగతాళిగా కేకలు వెయ్యడం. పూర్వం వాళ్ల పెద్దలు కరువులో నానా అగచాట్లు పడ్డారు, తర్వాత మొక్కజొన్న విరగపండింది, ఇక ఆకలి మమ్మల్నేం చేస్తుందని వెక్కిరించారు, అదీ కథ. ముందు విత్తనం వేస్తారు, ఆ తర్వాత దాదాపు నెల రోజులు ఊళ్లో డప్పు మోగకూడదు, గోల చెయ్యకూడదు. పంట ప్రశాంతంగా ఎదగాలట. ఇది ఏదో పల్లెటూరి నియమం అనుకోకండి, దేశ రాజధానిలో ఈనాటికీ నడుస్తున్న నిషేధం, దీని మీద 1990ల చివర్లో మైకులు పెట్టుకుని ప్రార్థనలు చేసే చర్చిలకీ సంప్రదాయ పెద్దలకీ కొట్లాటల దాకా వెళ్లింది. పండగ రోజున మొక్కజొన్న పిండితో చేసిన క్పోక్పోయ్ అనే వంటకాన్ని రాజు వీధుల్లో చల్లుకుంటూ వెళ్తాడు, పోయిన పెద్దల కోసం. తర్వాత అందరూ తింటారు. థ్యాంక్స్ ఉందా ఇందులో? ఉంటే ఉండొచ్చు. కానీ ముందు వినబడేది ఆకలి మీద కసి. నాకు అదే నిజాయితీగా అనిపిస్తుంది.

మలేషియాలోని సబా రాష్ట్రంలో ఇంకో కథ. అక్కడి కడజాన్ దుసున్ జనం మే నెలంతా వరి పండగ చేసుకుంటారు, కామతాన్ అంటారు, 30, 31 తేదీల్లో సెలవు. కథ రకరకాలుగా చెప్తారు గానీ సారం ఒకటే. ఒకప్పుడు ఘోరమైన కరువొచ్చింది. సృష్టికర్త కినోయింగన్ తన ఒక్కగానొక్క కూతురు హుమినోడున్‌ని బలిచ్చాడు. ఆమె శరీరంలోంచే మొదటి వరి పుట్టింది, మిగతా తిండి గింజలూ పుట్టాయి. అంటే కంచంలో ఉన్నది ఎవరో ఆడపిల్ల ఒళ్లు. పండగలో బొబొహిజాన్ అనే పూజారిణులు వరి ఆత్మని ఇంటికి రమ్మని పిలుస్తూ మంత్రాలు చదివేవాళ్లు, కోతల్లో చెదిరిపోయిన ఆత్మ అది. ఇప్పుడు అదే కూతురి పేరు మీద ఉండుక్ న్గడావ్ అని అందాల పోటీ పెట్టి, చివరి రోజున కిరీటం పెడుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియదు. అయినా ఆ పోటీ పుణ్యమా అని కథ అందరికీ గుర్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆకలి తర్వాత వచ్చే ప్రశ్న, ముందు ఎవరు తినాలి. నైజీరియాలో ఇగ్బోల కొత్త పెండలం పండగ, ఇరి జి, దాదాపు ఆగస్టులో వస్తుంది. ఆ రోజు దాకా కొత్త దుంప ముట్టకూడదు. ఊరి పెద్దో రాజో దేవుళ్లకీ పూర్వీకులకీ చూపించి మొదటి ముక్క తింటాడు, ఆ తర్వాతే మిగతావాళ్లు. యూదుల ధర్మశాస్త్రంలోనూ ఇలాంటిదే ఉంది, పస్కా పండగ రోజుల్లో తొలి పన గుడికి అర్పించేదాకా కొత్త ధాన్యం తినకూడదు. ఎక్కడో పశ్చిమాఫ్రికా, ఎక్కడో పాలస్తీనా, ఒకరినొకరు చూసుకున్నవాళ్లు కాదు, నియమం ఒక్కటే. ఎందుకై ఉంటుంది? దేవుడి మీద భక్తి అని పుస్తకాల్లో ఉంటుంది. నా అనుమానం వేరు. కోతకి ముందు రోజులే అన్నిటికన్నా ఆకలి రోజులు, పాతది అయిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా పచ్చిగా ఉంటుంది. ఎవరికి వాళ్లు రాత్రిపూట వెళ్లి పచ్చి కంకులు కోసుకుంటే ఊరంతా మునుగుతుంది. అందుకని ఒక తేదీ పెట్టి, దానికి దేవుణ్ణి కాపలా పెట్టారు. బలమున్నవాడు ముందే ఎగబడకుండా.

అక్కడి నుంచి వాటా. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట వస్తుంది, పరిగె. కోత అయ్యాక చేలో రాలిన కంకులు, గింజలు. అవి ఏరుకోవడం. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది, తెలుగు బైబిల్లో కూడా సరిగ్గా ఈ మాటే వాడారు: పొలం అంచుల దాకా పూర్తిగా కొయ్యొద్దు, పరిగె నువ్వు ఏరుకోవద్దు, అది బీదలకీ పరదేశులకీ వదిలెయ్. గమనించండి, పేదవాళ్లని పిలిచి పెట్టమని కాదు, వదిలెయ్యమని. పెట్టడానికీ వదలడానికీ చాలా తేడా ఉంది. పెడితే పుచ్చుకునేవాడు చెయ్యి చాపాలి, నవ్వాలి, మీ దయ అనాలి. వదిలేస్తే వచ్చి ఏరుకుంటాడు, ఎవడికీ దండం పెట్టక్కర్లేదు. షావుఓత్ అనే గోధుమ కోతల పండగకి యూదుల ప్రార్థనా మందిరాల్లో రూతు కథ చదువుతారు, ఆవిడ పరాయి దేశం నుంచి వచ్చి పరిగె ఏరుకుని బతికిన విధవరాలు. పంట పండగ రోజున ఆసామి కథ కాకుండా పరిగె ఏరుకునే ఆడమనిషి కథ చదవాలని ఎవరికి తట్టిందో గానీ, వాళ్లకి దండం పెట్టొచ్చు. శరత్కాలంలో వచ్చే సుక్కోత్ కూడా అలాంటిదే. పంటంతా ఇంటికొచ్చి హాయిగా కూర్చోవాల్సిన వేళ, బయట కొమ్మలూ ఆకులతో పైకప్పు వేసిన పాకలో ఏడు రోజులు గడపాలి. ఆ కప్పు సందుల్లోంచి చుక్కలు కనబడేలా ఉండాలని పట్టింపు. ఇల్లూ వాకిలీ లేక తిరిగిన రోజులు మర్చిపోకూడదని.

సరే, ఈ పరిగె హక్కు ఏమైంది?

ఇంగ్లండ్‌లో ఏమైందో చెప్తాను, ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అక్కడి పల్లెల్లో కోతలు అయ్యాక పేదింటి ఆడవాళ్లూ పిల్లలూ చేలల్లోకి దిగి పరిగె ఏరుకునేవాళ్లు. పొద్దున మొదలుపెట్టడానికీ సాయంత్రం ఆపడానికీ చాలా ఊళ్లలో చర్చి గంట కొట్టేవాళ్లు, ముందొచ్చినవాళ్లు అంతా ఊడ్చుకుపోకుండా. అంతమంది గుర్తించిన అలవాటు. 1787లో సఫోక్ జిల్లా టిమ్‌వర్త్‌లో మేరీ హౌటన్ అనే ఆవిడ అలా ఏరుకున్నందుకు భూస్వామి కేసు వేశాడు, 1788లో కోర్టు తీర్పు చెప్పింది. చట్టం దృష్టిలో పరిగె ఏరుకునే హక్కు ఎవరికీ లేదు, చేలో రాలినా గింజ చేనుగలవాడిదే. బైబిల్లో ఉంది కదా అంటే అది నీతి గానీ చట్టం కాదన్నారు. తీర్పొచ్చినంత మాత్రాన ఊళ్లు వెంటనే మారిపోలేదు, తర్వాత కూడా చాలా ఏళ్లు ఆడవాళ్లు ఏరుకుంటూనే ఉన్నారు, ఆసాములు చాలామంది చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కానీ హక్కుగా ఉన్నది దయగా మారిపోయింది. ఒక్క తీర్పుతో.

ఇప్పుడు రెండో తేదీ చూడండి. 1843 అక్టోబర్. కార్న్‌వాల్‌లో మోర్వెన్‌స్టో అనే ఊరి చర్చి పాస్టర్ రాబర్ట్ హాకర్, ఆ ఏడు పండిన కొత్త ధాన్యంతో చేసిన రొట్టెతో ప్రార్థన పెట్టి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుందాం రమ్మని ఊరిని పిలిచాడు. ఈనాడు ఇంగ్లండ్ చర్చిల్లో కనబడే హార్వెస్ట్ ఫెస్టివల్ అక్కడ మొదలైందని చెప్తారు. హాకర్ మంచివాడే, ఆయన్ని ఏమీ అనను. కానీ అంతకు ముందు ఉన్న పండగ ఏమిటి? కోతలు అయిన రాత్రి రైతు తన కొట్టంలో కూలీలందరికీ విందు పెట్టేవాడు, తనూ వాళ్ల బల్ల దగ్గరే కూర్చునేవాడు, బీరు పొంగిపొర్లేది, పాటలు, తిట్లు, అన్నీ. అది కూలీకి బాకీ. తాగి గోల చేస్తున్నారని పెద్దమనుషులకి ఆ విందు నచ్చక, పండగ కొట్టంలోంచి చర్చిలోకి నడిచింది. పరిగె హక్కు పోయి యాభై అయిదేళ్లు, కూలీ విందు మెల్లమెల్లగా పోయింది, వాటి బదులు చర్చిలో కృతజ్ఞత వచ్చింది. ఇది నా లెక్క, చరిత్రకారులు ఇంత సూటిగా గీత గియ్యరని నాకు తెలుసు. అయినా గీస్తున్నాను.

ఒక్క మాట మాత్రం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇప్పుడు ఇంగ్లండ్ స్కూళ్లలో ఈ పండగకి పిల్లలు ఇళ్ల నుంచి తిండి డబ్బాలు, పప్పులు, పాస్తా పట్టుకొస్తారు, అవన్నీ ఫుడ్ బ్యాంకులకి పోతాయి. వాటా ఏదో ఒక దొంగదారిన మళ్లీ పండగలోకి దూరింది.

పోలండ్‌లో ఈ లెక్క ఇంకా తేటగా కనబడుతుంది. అక్కడ దొజిన్కి అంటారు. కోతలు కాగానే కూలీలు కంకులు, పూలు, పళ్లు కలిపి పెద్ద కిరీటంలాంటిది అల్లి, అందరికన్నా బాగా కోసిన అమ్మాయి చేత మోయించుకుని పాటలతో ఊరేగింపుగా జమీందారు గుమ్మానికి తీసుకెళ్లేవాళ్లు. ఆయన అది పుచ్చుకుని విందు పెట్టాలి, వాయిద్యాలు పెట్టించాలి, ఆటలో దిగాలి. ఆ కిరీటం ఎవరి చేతికి వెళ్తుందో చూస్తే చాలు, ఆ దేశంలో గింజ ఎవరిదో తెలిసిపోతుంది. 1927 నుంచి ప్రెసిడెంట్ మోస్చిత్స్కి తన విడిది ఉన్న స్పావా ఊళ్లో తనే అందుకోవడం మొదలుపెట్టాడు. యుద్ధం తర్వాత కమ్యూనిస్టులు వచ్చారు, జమీందార్లు పోయారు, పండగ పోలేదు. స్టేడియాల్లో పార్టీ కార్యదర్శి నిలబడి అదే కిరీటం, అదే రొట్టె అందుకున్నాడు. గుమ్మం మారింది, మోసుకెళ్లేవాళ్లు మారలేదు.

పక్కనే జర్మనీలో 1933 నుంచి 1937 దాకా హామెల్న్ పట్టణం దగ్గర బూకెబెర్గ్ కొండ మీద నాజీలు పంట కృతజ్ఞతా దినం జరిపారు. లక్షల మందిని రైళ్లలో తెచ్చి నిలబెట్టారు, హిట్లర్ జనం మధ్యలోంచి కొండెక్కి వెళ్లేవాడు, కంకుల కిరీటం ఆయనకే, తర్వాత సైన్యం విన్యాసాలు. మామూలు చర్చిల్లో అక్టోబర్ మొదటి ఆదివారం గుమ్మడికాయలూ కూరగాయలూ పేర్చుకుని చేసుకునే బుద్ధిమంతపు పండగ అది, ఇప్పటికీ అలాగే చేసుకుంటారు. కృతజ్ఞత అనేది ఎవరు ఎటు తిప్పితే అటు తిరిగే మాట, అందుకే నాకు దాని మీద అనుమానం. వాటాని అలా తిప్పడం కష్టం, తూకం వెయ్యొచ్చు కాబట్టి.

బార్బడోస్ వాళ్లకి అసలు థ్యాంక్స్ అనే నాటకమే అక్కర్లేకపోయింది. చెరకు కోతలు అయిపోయినప్పుడు చేసుకునే పండగని క్రాప్ ఓవర్ అంటారు, పంట అయిపోయింది, అంతే. మొదలుపెట్టింది తోటల్లో బానిసలు. చివరి బండికి పూలు కట్టి మిల్లుకి తోలేవాళ్లు, వెనకాల మిస్టర్ హార్డింగ్ అని చెరకు చెత్త కూరి చేసిన బొమ్మ, దాన్ని తగలబెట్టేవాళ్లు. ఆ హార్డింగ్ తోట మేస్త్రీ అంటారు కొందరు, పంటల మధ్య పని లేక పస్తులుండే గడ్డు రోజులు అంటారు కొందరు. నాకు రెండూ ఒకటేలా కనబడుతున్నాయి. కోత అయిపోయిందంటే చేతిలో పని అయిపోయిందని, అందుకే వాళ్ల ఆటపాటల్లోనూ కింద ఎక్కడో దిగులుంది. 1940ల్లో ఆగిపోయిన పండగని 1974లో టూరిజం కోసం మళ్లీ లేపారు. ఇప్పుడు ఆగస్టు మొదటి సోమవారం ఈకల డ్రెస్సుల్లో పెద్ద ఊరేగింపు, చెరకు మాత్రం పెద్దగా లేదు.

ఇక అమెరికా దగ్గరికి రాక తప్పదు. మొదటి థ్యాంక్స్‌గివింగ్ అని చెప్పుకునేది 1621 శరత్కాలంలో ప్లిమత్‌లో జరిగిన విందు. దాని గురించి మనకి తెలిసిందంతా ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరం, విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసుకున్న నాలుగు మాటలు. ముందు ఏడాది ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో వలస వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు. మిగిలినవాళ్లు పంట కోసి మూడు రోజులు విందు చేసుకున్నారు, ఆ నేల మీది వాంపనోగ్ తెగ రాజు మాసాసోయిట్ తొంభై మందితో వచ్చాడు, వాళ్లు అయిదు జింకలు తెచ్చారు. లెక్క వేస్తే అతిథులే ఎక్కువ, ఆతిథ్యం ఎవరిదో చెప్పడం కష్టం. థ్యాంక్స్‌గివింగ్ అనే మాట ఆ ఉత్తరంలో లేదు. ఆ జనం దృష్టిలో థ్యాంక్స్‌గివింగ్ అంటే చర్చిలో గంటల తరబడి ప్రార్థన, తిని తాగి ఆటలాడుకోవడం కాదు.

కానీ నన్ను పట్టుకున్నది విందు కాదు, విత్తనం. 1620 నవంబర్‌లో ఓడ దిగి కేప్ కాడ్ తీరం వెంట తిరుగుతుంటే ఇసుకలో పాతిపెట్టిన మొక్కజొన్న దొరికింది, అక్కడివాళ్లు చలికాలానికీ వచ్చే పంటకీ దాచుకున్నది. తవ్వుకుని తీసుకెళ్లారు. తర్వాత దాని బాకీ తీర్చామని వాళ్లే రాసుకున్నారు, తీర్చారు కూడా. మొదటి పంట వేసింది ఆ విత్తనంతోనే. ఎలా నాటాలో, చేపని ఎరువుగా ఎలా వెయ్యాలో చూపించినవాడు టిస్క్వాంటమ్, 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మెయ్యబోతే ఎలాగో తప్పించుకుని ఇల్లు చేరినవాడు. చేరేసరికి అతని ఊరు పటక్సెట్ అంటురోగంతో మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఉంది. ప్లిమత్ కట్టుకున్నది ఆ ఖాళీ ఊరి నేల మీదే. నేల ఒకరిది, గింజ ఒకరిది, చదువు ఒకరిది, థ్యాంక్స్ మాత్రం పైకి, దేవుడికి. ఆ విందు తర్వాత యాభై అయిదేళ్లకి మాసాసోయిట్ కొడుకు మెటాకమ్‌ని యుద్ధంలో చంపి, తల తీసి అదే ప్లిమత్‌లో కర్రకి గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు.

1970లో ఆ ఓడ వచ్చిన 350వ ఏటి ఉత్సవాలకి వాంపనోగ్ మనిషి వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ని మాట్లాడమని పిలిచారు. ఆయన ఈ మొక్కజొన్న సంగతి, సమాధులు తవ్విన సంగతి ప్రసంగంలో రాసుకున్నాడు. నిర్వాహకులు ముందే అడిగి చూసి, ఇలా కుదరదన్నారు. ఆయన వెళ్లలేదు. దాంతో ఆ ఏడు నుంచి థ్యాంక్స్‌గివింగ్ రోజునే ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద కొందరు సంతాప దినం జరుపుకుంటున్నారు.

తేదీ కథ తొందరగా చెప్పేస్తాను. సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి రాసి, చివరికి 1863లో అంతర్యుద్ధం మధ్యలో లింకన్ చేత నవంబర్ ఆఖరి గురువారం అని ప్రకటన చేయించింది. 1939లో రూజ్‌వెల్ట్ దాన్ని ఒక వారం ముందుకి జరిపాడు, క్రిస్మస్ ముందు దుకాణాలకి బేరాలు ఎక్కువ రోజులు ఉంటాయని. సగం రాష్ట్రాలు ఒప్పుకోలేదు, దేశంలో రెండు థ్యాంక్స్‌గివింగ్‌లు జరిగాయి, 1941లో చట్టం చేసి నాలుగో గురువారానికి కుదిర్చారు. కెనడావాళ్లు అక్టోబర్ రెండో సోమవారం గొడవ లేకుండా కానిచ్చేస్తారు. లైబీరియాకి ఇది అమెరికా నుంచి తిరిగెళ్లిన నల్లవాళ్లతో పాటు వెళ్లింది, నవంబర్ మొదటి గురువారం. గ్రెనడాలో అయితే పంటతో సంబంధమే లేదు, 1983 అక్టోబర్ 25న అమెరికా సైన్యం దిగినందుకు థ్యాంక్స్ అని ఆ తేదీన పండగ పెట్టుకున్నారు.

ఇదంతా పాత కథ అనుకుందాం. రూజ్‌వెల్ట్ కాలంలోనే ఇంకో పని జరిగింది. 1935లో కార్మికులు యూనియన్ పెట్టుకునే హక్కు కోసం చట్టం చేశారు, 1938లో కనీస వేతనం, ఓవర్‌టైమ్ కోసం ఇంకోటి. రెండింట్లోంచీ పొలం కూలీలని మినహాయించారు. కనీస వేతనం తర్వాత కొంతమందికి వచ్చింది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా ఇస్తున్నాయి గానీ, ఫెడరల్ చట్టంలో పొలం కూలీకి ఓవర్‌టైమ్ ఇవాళ్టికీ లేదు. 1960లో ఎడ్వర్డ్ మర్రో అనే టీవీ విలేఖరి ఈ వలస కూలీల బతుకు మీద తీసిన కార్యక్రమాన్ని సీబీఎస్ కావాలనే థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు వేసింది, తిన్నది ఇంకా అరక్కముందే చూడాలని. చూశారు, కదిలిపోయారు, మర్చిపోయారు. నేను వెళ్లిన ఆ ఇంట్లో బల్ల మీద ఉన్న చిలగడదుంపలు, బీన్స్, ఆపిల్ పై, ఇవన్నీ ఎవరో వంగి కోసినవేనన్న ఆలోచన ఆ పూట నాకూ రాలేదు, ఇంకొకళ్లని ఏమంటాను.

థ్యాంక్స్ ఎవరికి అన్న ప్రశ్నకి చట్టంలో జవాబు రాసుకున్న దేశం నాకు తెలిసి ఒక్కటే, జపాన్. నవంబర్ 23న కొత్త బియ్యం పూజ, నీనమే సాయి. చక్రవర్తి కొత్త బియ్యాన్ని దేవతలకి అర్పించి, తర్వాత తనూ తింటాడు, రాత్రిపూట, ఎవరూ చూడకుండా. యుద్ధంలో ఓడిపోయాక అమెరికావాళ్ల అదుపులో ఉండగా 1948లో సెలవుల చట్టం తిరగరాశారు, చక్రవర్తి పూజ పేరు ఉండకూడదు, తేదీ మాత్రం ఉంచారు. కొత్త పేరు శ్రమ కృతజ్ఞతా దినం. చట్టంలో ఏముందంటే, శ్రమని గౌరవించాలి, ఉత్పత్తిని పండగ చేసుకోవాలి, ప్రజలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకోవాలి. పైకి కాదు, పక్కకి. ఆఫీసులో రాసిన మాటలే కావొచ్చు, అయినా నాకు బైబిల్లో పరిగె తర్వాత నచ్చిన వాక్యం ఇదే. చక్రవర్తి మాత్రం ఆ రాత్రి పూజ ఇప్పటికీ చేస్తూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

కొరియా చుసోక్ గురించి రాయకుండా ఉంటే ఆడవాళ్లు నన్ను క్షమించరు. ఎనిమిదో నెల పున్నమి, మూడు రోజుల సెలవు, పెద్దల సమాధుల మీద గడ్డి కోసి శుభ్రం చెయ్యడం, కొత్త బియ్యం పిండితో సోంగ్‌ప్యోన్ అనే అర్ధచంద్రాకారపు ఉండలు. ఎక్కువా వద్దు తక్కువా వద్దు, ఎప్పుడూ చుసోక్‌లాగే ఉంటే చాలు అని వాళ్ల సామెత. ఆ సామెత కట్టింది మగవాడని నా గట్టి నమ్మకం. ఎందుకంటే పండగ జబ్బు అని కొరియన్‌లో ఒక మాటే ఉంది, అత్తవారింట్లో రోజుల తరబడి అట్లు వేసి వేసి కోడళ్లకి వచ్చే నడుంనొప్పి, తలనొప్పి, కోపం, అన్నీ కలిపి. ఆ పూజ అందుకునేది వాళ్ల పూర్వీకులు కూడా కాదు, మొగుడివైపువాళ్లు. పొలంలో కూలీకి జరిగిందే వంటింట్లోనూ. ఇప్పుడిప్పుడే పూజ వంటకాలు తగ్గించుకోమని అక్కడి పెద్దలే అంటున్నారు.

ఇదంతా ఒక స్నేహితురాలికి చెప్తే విసుక్కుంది. "నువ్వు ప్రతిదాన్నీ కూలి లెక్కలోకి దింపుతావు. కృతజ్ఞత మనిషికి మంచిది కదా, పడుకునే ముందు మూడు మంచి విషయాలు రాసుకుంటే నాకు నిద్ర బాగా పడుతోంది" అంది. నిజమే. ఆవిడ నిద్రతో నాకు తగువు లేదు. కుక్కకి ఆపరేషన్ అయిందని ఏడ్చిన ఆ అమ్మాయి మనసు కూడా నిజమైనదే. నేననేది అది కాదు. ఆ మూడు విషయాలూ రాసుకునేది మనకి దక్కినవాటి గురించి. పరిగె అనేది మనకి దక్కకుండా మనమే ఒప్పుకుని వదిలేది. మొదటిది చేసినవాళ్లు రెండోది చేస్తారని నమ్మకం ఏమీ లేదు, ప్లిమత్‌లో చెయ్యలేదు, 1788లో చెయ్యలేదు.

రాలిన కంకుల గురించి ఇంకో చట్టం ఉంది. 1932 ఆగస్టు 7న సోవియట్ ప్రభుత్వం చేసింది, ఉమ్మడి పొలంలో ఏది తీసినా అది ప్రభుత్వ ఆస్తి దొంగతనం, కాల్చివేత, లేదంటే పదేళ్ల జైలు. జనం దానికి అయిదు కంకుల చట్టం అని పేరు పెట్టుకున్నారు, కోసేసిన చేలో నాలుగు కంకులు ఏరుకున్నవాళ్ల మీద కూడా అదే పెట్టారు కాబట్టి. ఆ చలికాలం, ఆ తర్వాత వసంతంలో, ప్రపంచంలో గోధుమకి పేరుమోసిన ఉక్రెయిన్ నేల మీద లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. పంట లేక కాదు, ఉన్నది పట్టుకుపోయారు.

ఉక్రెయిన్‌లో వాళ్లని తలుచుకునే రోజు నవంబర్ నాలుగో శనివారం, చాలా ఏళ్లలో అమెరికా థ్యాంక్స్‌గివింగ్ అయిన రెండు రోజులకే వస్తుంది. సాయంత్రం కిటికీలో కొవ్వొత్తి వెలిగిస్తారు. కీవ్‌లో స్మారకం ముందు ఒక చిన్నపిల్ల విగ్రహం ఉంది, బక్కచిక్కి, పాదాలకి ఏమీ లేకుండా. గుండెలకి అదుముకున్న చేతుల్లో అయిదు కంకులు.